చిన్న వాటర్‌షెడ్ సంస్థలన్నీ కలిపి పెద్ద ప్రాంతీయ సంస్థ చేస్తే మన గెడ్డలకి (కొండవాగులకి) మేలా, కీడా?

మాధవధార వాసి · నవంబర్ 16, 2025, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మొంథా తుఫాను వానలకి మా వీధి చివర కాలువ పొంగి సెల్లారులోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. కెనడాలో ఉంటున్న మా అక్కకి ఫోన్లో ఈ సంగతి చెప్తుంటే, "ఆ కాలువ ఎవరి కిందకొస్తుందిరా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. కొండ ఒకరిది, కొండ కింద ప్లాట్లకి అనుమతులు ఇంకొకరివి, కాలువ మరొకరిది, రోడ్డు కింద తూము ఇంకెవరిదో. నీళ్లు మాత్రం కొండ మీంచి తిన్నగా మా ఇంటికే వచ్చాయి.

అప్పుడు అక్క వాళ్ల దగ్గర నడుస్తున్న గొడవ చెప్పింది. ఒంటారియో రాష్ట్రంలో నదుల పరీవాహకాల్ని బట్టి, అంటే ఏ నదిలోకి ఏ నేల మీది వాననీరు చేరుతుందో దాన్ని బట్టి, వరదల సంగతి చూసుకునే 36 కన్జర్వేషన్ అథారిటీలు ఉన్నాయట. వాటిని 7 పెద్ద ప్రాంతీయ సంస్థలుగా కలిపేస్తామని అక్టోబర్ 31న అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. చాలామంది వద్దంటున్నారు. నాకేమో, మనకి అలాంటిది ఒక్కటి ఉన్నా చాలనిపించింది.

మన గోస్తనీనే తీసుకోండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలు తొలిచి, తాటిపూడి రిజర్వాయరు నింపి, జామి, పద్మనాభం దాటుకుని భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఈ చిన్న నది అల్లూరి, విజయనగరం, విశాఖ, మూడు జిల్లాల్లో పడింది. దీనికంతటికీ కలిపి ఒక సంస్థ ఉండాలా? ఉంటే అది ఎంత పెద్దదై ఉండాలి? నీటి పని చేసినవాళ్లు, పొలం ఉన్నవాళ్లు చెప్పండి. అక్కని కూడా ఇక్కడికే రమ్మన్నాను.

కిచెనర్ సీతమ్మధార · నవంబర్ 16, 2025, రాత్రి 11:40

వచ్చానురా తమ్ముడూ. ముందు ఇక్కడి కథ చెప్తాను, లేకపోతే జనం ఎందుకు బాధపడుతున్నారో అర్థం కాదు.

ఇక్కడ కన్జర్వేషన్ అథారిటీల చట్టం 1946లో వచ్చింది. ఒక నదీ పరీవాహకంలో ఉన్న పురపాలక సంఘాలన్నీ కలిసి ఒక అథారిటీ పెట్టుకోవచ్చు. బోర్డులో ఆ ఊళ్ల ప్రతినిధులే కూర్చుంటారు, డబ్బులో పెద్ద వంతు ఆ ఊళ్లే వేసుకుంటాయి. 1954 అక్టోబర్ 15 రాత్రి హేజెల్ తుఫాను వచ్చింది. ఒంటారియోలో 81 మంది పోయారు. టొరంటోలో హంబర్ నది ఒడ్డున రేమోర్ డ్రైవ్ అనే ఒక్క వీధిలోనే 35 మంది కొట్టుకుపోయారు. ఆ తర్వాతే వరద పారే లోయల్లో ఇళ్లు కట్టనివ్వకూడదని గట్టిగా నిర్ణయించి, ఆ స్థలాలు కొని పార్కులు చేశారు. ఈరోజు టొరంటోలో నది పక్కన పచ్చటి మైదానం కనిపిస్తే అది సోకు కోసం చేసింది కాదు. ఆ 81 మంది వల్ల వచ్చింది.

కలపడం అనేది కూడా ఇక్కడ కొత్త కాదు. టొరంటో అథారిటీ 1957లో నాలుగు చిన్న అథారిటీల్ని కలిపితే పుట్టింది. మా గ్రాండ్ నది అథారిటీ 1966లో రెండు సంస్థలు కలిస్తే ఏర్పడింది. ఆ రెండూ ఒకే నది మీద పని చేస్తున్నవే, కాబట్టి కలపడంలో అర్థం ఉంది. ఇప్పటి ప్రతిపాదన వేరు. మా గ్రాండ్ నదిని ఈరీ సరస్సులోకి పారే ఇతర నదులతో కలిపి ఒకే సంస్థ కింద పెడతామంటున్నారు. సరస్సు ఒకటే కావచ్చు. కానీ ఒక నదికి వరద వస్తే పక్క నదికి రావాలని లేదు కదా.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ · నవంబర్ 17, 2025, ఉదయం 6:05

మాధవధార బాబుకి, కిచెనర్ అమ్మాయికి నమస్తే. వాటర్‌షెడ్ పనుల్లో ఇరవై ఏళ్లు తిరిగాను. ఈ కలపడాలు మనకి కూడా జరిగాయి. పేర్లు వేరు, అంతే.

సి.హెచ్. హనుమంతరావు గారి కమిటీ 1994లో చెప్పిన ప్రకారం 1995 నుంచి ఒక వాటర్‌షెడ్ అంటే సుమారు 500 హెక్టార్లు. దాదాపు ఒక ఊరు. ఊరికి వాటర్‌షెడ్ కమిటీ, దానికి ఒక కార్యదర్శి, బ్యాంకులో ఊరి పేరున ఖాతా. 2008 మార్గదర్శకాలతో ప్రాజెక్టు 1000 నుంచి 5000 హెక్టార్లకి పెరిగింది. 2009లో కరువు ప్రాంతాల కార్యక్రమం, ఎడారి ప్రాంతాలది, బంజరు భూములది, మూడూ కలిపి ఒకే ఐడబ్ల్యూఎంపీ (సమీకృత వాటర్‌షెడ్ నిర్వహణ కార్యక్రమం) అన్నారు. 2015లో అది పీఎంకేఎస్‌వైలో (ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలో) కలిసింది.

పెద్దది చేయడం తప్పని నేను అనను. 500 హెక్టార్ల రోజుల్లో కళ్లారా చూసిన తప్పొకటి చెప్తాను. గెడ్డ ఒకటే, దాని మీద ఊళ్లు రెండు. పై ఊరికి నిధులు రాలేదు, కింద ఊరికి వచ్చాయి. పైన వాలు మీద ఒక్క కందకం తవ్వలేదు, ఒక్క రాతి కట్ట వేయలేదు. కింద మాత్రం చెక్‌డ్యామ్ కట్టేశాం. రెండు వానలకి ఎర్రమట్టి, గులకరాళ్లు వచ్చి మెడ దాకా నిండిపోయింది. మూడో ఏడు పిల్లలు దాని మీద క్రికెట్ ఆడారు. పని కొండ గట్టు మీద మొదలుపెట్టి లోయకి రావాలి అన్న సూత్రం మా అందరికీ తెలుసు. కానీ గట్టు మా లెక్కలో లేదు. ఆ రోజు రెండు ఊళ్లూ ఒకే సంస్థ కింద ఉండుంటే ఆ చెక్‌డ్యామ్ బతికేది.

పెద్దది అయ్యాక ఏం పోయిందో కూడా చెప్తాను. ఇంకో ఊళ్లో రాతి కట్ట ఎక్కడ వేయాలో మ్యాపు చూసి మార్కింగు ఇచ్చాం. ఒక ముసలమ్మ, ఆమెకి అక్కడ అర ఎకరం ఉంది, నా చేయి పట్టుకుని లాక్కెళ్లి మామిడి మొదలు చూపించింది. నడుము ఎత్తున ఎర్రమట్టి గీత ఉంది. "వరద ఇందాకా వచ్చింది బాబూ, నువ్వు సున్నం పోసిన చోట కాదు" అంది. కట్ట పన్నెండు గజాలు పక్కకి జరిపాం. అది ఇప్పటికీ నిలబడి ఉంది. అప్పట్లో ఆ మార్పు నేనూ, కమిటీ ఆ సాయంత్రమే తీర్మానం పుస్తకంలో రాసి చేసేశాం. తర్వాతి రోజుల్లో అదే మార్పుకి అంచనా సవరించి, పైకి పంపి, సంతకం కోసం నెలన్నర ఆగాల్సి వచ్చేది. నెలన్నరకి వాన వచ్చేస్తుంది.

పద్మనాభం పల్లం · నవంబర్ 17, 2025, రాత్రి 8:22

బాబూ, నాను చెప్తంటే మా అబ్బాయి టైపు సేస్తన్నాడు. మాది గోస్తనీకి దగ్గిర ఊరు. మా సెరువుకి ఒక షట్టరుంది. ఆ షట్టరు తిప్పీ హేండిలు పూర్వం లస్కరు ఇంట్లో దూలానికి వేలాడీది. లస్కరంటే షట్టరు చూసీ సర్కారు మనిషి, మా ఊరోడే. నెలకోపాలి రాడ్డుకి గ్రీజు రాసీవోడు. వాన జోరు పెరిగితే అర్ధరేతిరైనా గొంగడి కప్పుకుని ఎల్లీవోడు. 2012లో నీలం తుఫానప్పుడు రెండు రాత్రులు గట్టు మీదే కూకున్నాడు. చుట్టుపక్కల గండ్లు పడినాయి గాని మా గట్టుకి పడలేదు.

ఆయన రిటైరైపోనాడు. ఆ పోస్టులో ఎవుల్నీ ఎయ్యలేదు. నాలుగైదు ఊళ్లకి కలిపి ఒక మనిషని సెప్పినారు. హేండిలు ఒక ఆఫీసుకి ఎల్లిపోనాది. మొన్న వానకి ఫోన్ సేస్తే ఆ మనిషి ఇంకో సెరువు కాడ ఉన్నాడు, ఆయన తప్పేటుంది. మావే గడ్డపార పెట్టి లేపినాం. గట్టు దక్కింది. రాడ్డు వంగిపోనాది. ఇప్పుడు షట్టరు పూర్తిగా దిగదు. బొటనేలు మందాన సందుంది, అందులోంచి రేయీ పగలూ నీరు కారిపోతంది. రబీకి ఉంటాదో లేదో.

పెద్ద సంస్థ పెడితే పెట్టండి. హేండిలు ఎవుడింట్లో ఉంటాది? అది సెప్పండి ముందు.

జీఐఎస్ శివాజీపాలెం · నవంబర్ 17, 2025, రాత్రి 10:51

పెద్దవాళ్లందరికీ నమస్కారం. నేను మ్యాపుల మీద పని చేస్తాను కాబట్టి రెండో వైపు చెప్పాలి.

మేఘాద్రిగెడ్డ రిజర్వాయరుకి నీళ్లు పెందుర్తి, కొత్తవలస, సబ్బవరం వైపుల నుంచి వస్తాయి. పెందుర్తి విశాఖ జిల్లా, కొత్తవలస విజయనగరం, సబ్బవరం అనకాపల్లి. పంచాయతీలు వేరు, నగరపాలక సంస్థ వేరు. లేఅవుట్లకి అనుమతి పట్టణాభివృద్ధి సంస్థది. రిజర్వాయరు గేట్లు జలవనరుల శాఖవి. తాగేది విశాఖ నగరం. ఎగువన ఒక చెరువు గర్భంలో మట్టి పోసి చదును చేస్తే, అది పది కిలోమీటర్ల దిగువన వరద ఎత్తుని ఎంత పెంచుతుందో లెక్క కట్టే బాధ్యత వీళ్లలో ఏ ఒక్కరికీ లేదు. ఎవరి హద్దు లోపల వాళ్లు సరిగ్గానే చేశారని రాసుకుంటారు.

ఊరి సంఘం ఈ లెక్క కట్టలేదు. వానమాపకాలు, నీటిమట్టం సెన్సర్లు, కొండల ఎత్తుపల్లాల డేటా, మోడల్ నడిపే మనిషి, రాత్రి పన్నెండుకి కూడా స్క్రీన్ ముందు కూర్చునే మనిషి, ఇవన్నీ ఖర్చు. మూడు పంచాయతీలు కలిసినా కొనలేవు.

నెదర్లాండ్స్‌ని చూడండి. 1950 ప్రాంతంలో అక్కడ రెండున్నర వేలకి పైగా నీటి బోర్డులు ఉండేవి, కొన్ని వందల ఏళ్ల నాటివి. 1953 సముద్రపు వరదలో 1,800 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కలుపుకుంటూ వచ్చి ఇప్పుడు 21 చేశారు. నేలలో దాదాపు నాలుగో వంతు సముద్రమట్టం కంటే దిగువన ఉన్న దేశం ఆ పని చేసిందంటే కారణం ఉండే ఉంటుంది. మన దగ్గర కలపడం అంటేనే జనం భయపడటం నాకు బాధగా ఉంది.

కిచెనర్ సీతమ్మధార · నవంబర్ 18, 2025, ఉదయం 5:30

శివాజీపాలెం బాబూ, నెదర్లాండ్స్ మాట నిజమే. కానీ ఆ 21 బోర్డులకీ ఎన్నికలు జరుగుతాయి, వాటి పన్ను అవే వేసుకుంటాయి. బోర్డు పెద్దదైనా ఓటు ఒడ్డున ఉన్నవాడి చేతిలోనే ఉంది. ఆ ముక్క వదిలేసి సంఖ్య ఒక్కటే తీసుకుంటే లెక్క తప్పుతుంది.

ఇక్కడ ప్రభుత్వం చెప్పే కారణాలూ పూర్తిగా కొట్టిపారేసేవి కావు. 36 చోట్ల 36 రకాల నియమాలు, ఫీజులు, అనుమతులు ఆలస్యం, ఇళ్ల కొరత. కొన్ని చిన్న అథారిటీలకి ఒక ఇంజనీరుని పెట్టుకోవడమే భారం. అందరి పైనా ఒక రాష్ట్ర స్థాయి ఏజెన్సీ కూడా పెడుతున్నారు. అడ్డు చెప్పేవాళ్ల భయం ఏమిటంటే, డబ్బు మా ఊళ్లదే, మాట మాత్రం మాది ఉండదని.

మ్యాపు చూస్తే ఒకచోట నాకు మనసు ఒప్పలేదు. థండర్ బే సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉంది. దాన్ని దక్షిణాన హ్యూరన్ సరస్సు వైపు ఉన్న అథారిటీలతో కలిపి ఒకే సంస్థ అన్నారు. రోడ్డు మీద వెళ్తే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అంటే ఇచ్ఛాపురంలో వరద వస్తే చిత్తూరు అవతల కూర్చున్నవాళ్లు చూడాలన్నమాట.

ఎంవీపీ ప్లీడరు · నవంబర్ 18, 2025, మధ్యాహ్నం 1:17

దూరం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. విభజన చట్టం ప్రకారం ఏర్పడిన కృష్ణా బోర్డు కార్యాలయం మన విశాఖలో పెట్టాలని గత ప్రభుత్వం ప్రతిపాదించింది, గుర్తుందా? కృష్ణ పారని ఊళ్లో కృష్ణా బోర్డు ఏమిటని కర్నూలు వైపు వాళ్లు గట్టిగా అడ్డం తిరిగారు. విశాఖ వాడినైనా అప్పుడు వాళ్ల వైపే ఉన్నాను.

చట్టాల విషయానికొస్తే, నదికంతటికీ ఒక బోర్డు అనే ఆలోచన మన దేశంలో పాతదే. 1956లోనే నదీ బోర్డుల చట్టం చేశారు. దాని కింద ఇప్పటి దాకా ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. మన రాష్ట్రంలో 1997 చట్టంతో రైతుల నీటి సంఘాలు వచ్చాయి, 2002లో వాల్టా చట్టం వచ్చింది. వాల్టాలో నీరు, భూమి, చెట్టు మూడింటినీ ఒకే కంటితో చూశారు. చదివితే ముచ్చటేస్తుంది. అమలు దగ్గరికొచ్చేసరికి మండలం, జిల్లా హద్దుల్లోనే తిరుగుతుంది. గెడ్డ హద్దు అందులో ఎక్కడా లేదు.

ఇంగ్లండు అనుభవం కూడా చూడాలి. 1974లో అక్కడ, వేల్స్‌తో సహా, వందల కొద్దీ నీటి సంస్థల్ని కలిపి పరీవాహకాల ప్రకారం 10 ప్రాంతీయ సంస్థలు చేశారు. హద్దులు చక్కగా గీశారు. కానీ మురుగు నదిలోకి వదిలేదీ ఆ సంస్థే, నది పాడవకుండా కాపలా కాయాల్సిందీ ఆ సంస్థే. తన మీద తను కేసు పెట్టుకోదు కదా. 1989లో నీటి సరఫరా ప్రైవేటుకిచ్చినప్పుడు కాపలా పనిని విడదీసి వేరే సంస్థకి అప్పగించాల్సి వచ్చింది. మనం పెద్ద సంస్థ కోరుకుంటే, లేఅవుట్లు అమ్ముకునే పని, గెడ్డని కాపాడే పని ఒకే చేతిలో పెట్టొద్దని మొదటే రాసుకోవాలి.

సైన్స్ టీచర్ పెందుర్తి · నవంబర్ 18, 2025, రాత్రి 9:03

ఇన్ని రోజులకి గెడ్డల గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడేవాళ్లు దొరికారు, సంతోషం.

నేను ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని మేఘాద్రిగెడ్డలోకి వచ్చే ఒక చిన్న పాయ వెంట నడిపిస్తాను. మూడు కిలోమీటర్లు. మొదట్లో వెళ్లినప్పుడు ఆ పాయలో చేపపిల్లలు కనిపించేవి, పిల్లలు దోసిళ్లతో పట్టి వదిలేవారు. ఇప్పుడు సగం దారిలో సబ్బు నురగ వస్తుంది. పోయినేడు ఒక పిల్ల అడిగింది: "మేడమ్, ఈ నీళ్లు మనింటి కుళాయిలోకే వస్తాయా?" శుద్ధి చేసి పంపుతారమ్మా అన్నాను. "అయితే ముందు పాడు చేసి తర్వాత శుద్ధి చేయడం ఎందుకు?" అంది.

ఆ నురగ గురించి ఒక కార్యాలయానికి అర్జీ ఇచ్చాను. ఆ పాయ పైభాగం మా పరిధి కాదన్నారు. పైభాగం వాళ్ల దగ్గరికి వెళ్తే, రిజర్వాయరు మాది కాదు కదా అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. అందుకని శివాజీపాలెం బాబు మాట నాకు నచ్చింది. మేఘాద్రిగెడ్డకి కొండ నుంచి హార్బరు దాకా ఒకే సంస్థ కావాలి, జిల్లా ఏదైనా సరే.

కానీ పెద్ద సంస్థలో ఎవరి మాట చెల్లుతుంది? నగరానికి తాగునీళ్లిచ్చే రైవాడ రిజర్వాయరు నీళ్లు పొలాలకే ఇవ్వాలని దేవరాపల్లి వైపు రైతులు ఎన్నేళ్లుగా అడుగుతున్నారో మీకు తెలుసు. రేపు బోర్డులో జనాభాని బట్టి కుర్చీలు వేస్తే నగరానికి ఇరవై, దేవరాపల్లికి ఒకటి. తాగేవాళ్లం ఎక్కువమందిమి కాబట్టి నీళ్లు పుట్టే చోటు వాళ్ల మాట వినక్కర్లేదా? నేను నగరం నీళ్లు తాగే మనిషినే. నాకు అది న్యాయంగా అనిపించడం లేదు.

పద్మనాభం పల్లం · నవంబర్ 18, 2025, రాత్రి 9:40

టీచరమ్మ మంచి మాట సెప్పినారు. పోయినేడు డిసెంబరులో నీటి సంఘం ఎన్నికలు అయినాయి, మావూ ఓటేసినాం. సంఘం ఉంది. సంఘానికి పైసలు లేవు. హేండిలూ లేదు.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ · నవంబర్ 19, 2025, ఉదయం 6:20

జీఐఎస్ బాబూ, నీ మ్యాపుని నేను తక్కువ చేయడం లేదు. మా రోజుల్లో టోపో షీటు మీద ట్రేసింగ్ పేపరు పెట్టి గీసుకునేవాళ్లం, ఒక గీత తప్పితే ఒక కొండ తప్పేది. నీలాంటి వాడు ఒకడు నా పక్కన ఉంటే ఆ చెక్‌డ్యామ్ పూడిపోయేది కాదు. కానీ నువ్వు సంస్థ అంటుంటే నాకు ఒక్క గదే కనిపిస్తోంది, స్క్రీన్లున్న గది. పద్మనాభం ఆయన అడిగినదానికి నీ దగ్గర జవాబు ఏమిటి? గేటు ఎత్తమని నీ స్క్రీన్ చెప్తుంది. ఎత్తేది ఎవరు?

జీఐఎస్ శివాజీపాలెం · నవంబర్ 19, 2025, రాత్రి 11:12

గురువుగారూ, రోజంతా మీ ప్రశ్న గురించే ఆలోచించాను.

రెండు వేర్వేరు పనుల్ని నేను ఒకటిగా కలిపేసి చూశాను. తెలుసుకోవడం పెద్ద చోట జరగాలి, ఎందుకంటే వాన మూడు జిల్లాల మీద ఒకేసారి కురుస్తుంది. ఎగువన కట్టడాలకి అవునో కాదో చెప్పడం కూడా పెద్ద చోటే జరగాలి. పంచాయతీ సర్పంచి మీద వచ్చే ఒత్తిడి అతను ఒక్కడే తట్టుకోలేడు. ఇంతవరకు నా మాట మీద నేను ఉన్నాను.

గేటు, గ్రీజు, గండి పూడ్చడం, రాతి కట్ట పక్కకి జరపడం, ఇవి అలా కాదు. వీటికి మనిషి, డబ్బు, నిర్ణయం మూడూ నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. లస్కరు పోస్టు తీసేసి సెన్సరు పెడతామంటే నేను కూడా ఒప్పుకోను. సెన్సరు నీటిమట్టం చెప్పగలదు. గొంగడి కప్పుకుని వెళ్లలేదు. ఈ రెండు రకాల పనుల్నీ నేను విడదీయకుండా 'సంస్థ' అని ఒకే మాట వాడాను. అక్కడ పొరబడ్డాను.

ఒక్క అనుమానం ఇంకా ఉంది. డబ్బు ఊళ్లో ఉంచితే, మీరు చెప్పిన రెండు ఊళ్ల కథ మళ్లీ రాదా? కింద ఊరు తన చెక్‌డ్యామ్ తను కట్టేసుకోదా?

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ · నవంబర్ 20, 2025, ఉదయం 6:02

వస్తుంది. ఆపకపోతే తప్పకుండా వస్తుంది. అందుకని కొత్త కట్టడం ఏదైనా నీ గది ఒప్పుకున్నాకే కట్టాలి. ఉన్నదాన్ని బాగు చేసుకోవడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. ఈ రెండిటికీ మధ్య గీత గీస్తే సగం గొడవ తీరుతుంది. ఆ ఏళ్లలో నేను చూసిన కట్టడాల్లో కట్టేటప్పుడు తప్పు జరిగి పోయినవి తక్కువ. కట్టాక ఎవరూ చూడక పోయినవే ఎక్కువ. కట్టడానికి నిధి వస్తుంది, ఫోటో తీస్తారు, బోర్డు రాస్తారు. మూడేళ్లకి గోడ కింద నీరు ఊరడం మొదలైతే రెండు బస్తాల సిమెంటుకి పద్దు ఉండదు.

ఎంవీపీ ప్లీడరు · నవంబర్ 20, 2025, ఉదయం 11:48

పై మాటతో ఏకీభవిస్తున్నాను. టీచరుగారి కుర్చీల ప్రశ్నకి నాకు తోచింది: బోర్డులో జనాభా వంతు సగం, పరీవాహక భూమి వంతు సగం. రైవాడ ఎగువ ఊళ్లకి అప్పుడైనా బరువు వస్తుంది. నగరం ఒప్పుకుంటుందా అంటే, తాగే నీళ్లు అక్కడి నుంచే వస్తున్నాయి కాబట్టి ఒప్పుకోవాలి.

మాధవధార వాసి · నవంబర్ 20, 2025, రాత్రి 8:30

మొదట్లో నేను 'ఒక్క సంస్థ ఉంటే చాలు' అని రాశాను. ఇప్పుడు అలా రాయను. మా వీధి కాలువ దగ్గరికి నిన్న మళ్లీ వెళ్లాను. రోడ్డు కింద తూము నోటికి అడ్డంగా ఒక పరుపు, కొబ్బరి మట్టలు, సిమెంటు సంచులు ఇరుక్కుని ఉన్నాయి. కొండ నుంచి వచ్చిన నీళ్లకి దారి లేక మా వైపు తిరిగాయి. ఆ పరుపు తీయడానికి మూడు జిల్లాల బోర్డు అక్కర్లేదు. నేనూ, వాచ్‌మనూ, పక్కింటి కుర్రాడూ కలిసి అరగంటలో లాగేశాం. కొండ కింద కొత్తగా వేస్తున్న రోడ్డు నీళ్లని ఎటు మళ్లిస్తుందో మాత్రం మా ముగ్గురికీ తెలీదు, తెలుసుకునే దారీ లేదు. శివాజీపాలెం తమ్ముడూ, ఆ రోడ్డు వాలు నీ మ్యాపులో చూసి చెప్పగలవా? ఫోటోలు పంపిస్తాను.

జీఐఎస్ శివాజీపాలెం · నవంబర్ 20, 2025, రాత్రి 8:41

పంపండన్నా. శనివారం చూస్తాను. వీలైతే వచ్చి నడుస్తాను కూడా, స్క్రీన్ మీద తూములు కనపడవు.

కిచెనర్ సీతమ్మధార · నవంబర్ 21, 2025, ఉదయం 6:15

ఇక్కడ ప్రజల అభిప్రాయాలు డిసెంబర్ 22 దాకా తీసుకుంటున్నారు. నేను కూడా రాస్తున్నాను. 7 ఎక్కువా తక్కువా అని వాదించడం మానేశాను. మా నది మీద 1942లో కట్టిన షాండ్ డ్యామ్ ఉంది. వరద వచ్చిన రాత్రి దాని గేట్ల మీద నిర్ణయం తీసుకునే మనిషి ఏ ఊళ్లో కూర్చుంటాడు? మా ఊరు వేసిన డబ్బు మా నది మీదే ఖర్చవుతుందని ఎక్కడ రాసి ఉంది? కొత్త బోర్డులో చిన్న ఊళ్లకి కుర్చీ ఉందా? ఈ మూడే అడుగుతున్నాను.

పద్మనాభం బాబాయ్‌గారూ, మొదటి ప్రశ్న మీదే. పేరు రాయను గానీ, ఒక ఊళ్లో షట్టరు హేండిలు దూలానికి వేలాడేదని, అది ఆఫీసుకి వెళ్లిపోయాక ఏం జరిగిందో రాస్తాను. మీకు అభ్యంతరం లేకపోతేనే.

పద్మనాభం పల్లం · నవంబర్ 21, 2025, రాత్రి 7:55

రాయండమ్మా. అక్కడోళ్లకైనా ఉపయోగపడితే సంతోసం. మా సందులోంచి నీరు ఇంకా కారతానే ఉంది.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్ · నవంబర్ 22, 2025, ఉదయం 5:58

పద్మనాభం గారూ, ఆ రాడ్డు మందం ఎంతో, మర బిగువుగా ఉందో అరిగిందో చూసి చెప్పండి. ఒక చొప్పపుల్ల రాడ్డుకి అడ్డంగా పెట్టి రెండు వైపులా గోటితో గుర్తు పెట్టి, స్కేలు మీద పెడితే చాలు. వంగింది కొద్దిగానే అయితే తీసి లేతు మీద సరిచేయొచ్చు, కొత్తది అక్కర్లేదు. సంఘం అధ్యక్షుణ్ణి ఒక తీర్మానం రాసి ఉంచమనండి, అడగకుండా ముట్టుకున్నారని రేపు మాట రాకూడదు. ఈలోగా సందులో గోనె సంచుల్లో బంకమన్ను కుక్కి లోపలి వైపు నుంచి దింపండి, నీటి ఒత్తిడికి అదే అతుక్కుంటుంది. ఆదివారం ఉదయం మొదటి బస్సుకి వస్తాను.

పద్మనాభం పల్లం · నవంబర్ 22, 2025, ఉదయం 9:10

అంగుళంన్నర ఉంది బాబూ. మర పైన బాగుంది, కింద జానెడు మేర అరిగింది. సంచులు ఇప్పుడే దింపినాం, కారడం సగానికి తగ్గింది. బస్సు దిగీ కాడికి మా అబ్బాయి బండేసుకుని వస్తాడు.

సైన్స్ టీచర్ పెందుర్తి · నవంబర్ 22, 2025, మధ్యాహ్నం 12:26

నేను కూడా రావచ్చా అండీ? ఇద్దరు పిల్లలు షట్టరు ఎలా పని చేస్తుందో చూస్తామంటున్నారు.

పద్మనాభం పల్లం · నవంబర్ 22, 2025, మధ్యాహ్నం 12:40

రండమ్మా. పాత లస్కరుని కూడా పిలిసినాను, ఆయనా వస్తన్నాడు. అందరికీ భోజనం మా ఇంట్లోనే.